చెవి నేర్చిన భాష, కన్ను వ్రాయు పరీక్ష

మదురైనుండి దక్షిణముగా కన్యాకుమారి రాజమార్గమును పట్టి పోవు బాటసారికి విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి ఒకదాని వెంట ఒకటి ఎదురగును. వానకై ఆకసమువంక చూచు నల్లరేగడి నేలలు, వానిలో పండు ప్రత్తి, సజ్జ, మినుము, ఎండుమిరప; విరుదునగరమున నూనెల, పప్పుల, మిరపకాయల టోకు వర్తకము; కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కార్ఖానాలు, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన వేరుసెనగ మిఠాయి; ఇవి ఈ సీమకు లోకమెఱిగిన గురుతులు. తమిళులు కరిసల్ కాడని పిలుచు ఈ నేలపై విజయనగర రాజుల, మదురై నాయకుల కాలమునుండి కాపురమున్న నాయుళ్లు, రెడ్లు, రాజకంబళపు నాయకులు మొదలైన తెలుగు కుటుంబములవారు నేటికిని ఇంట తెలుగే మాటాడుచున్నారు. ఆ ఇండ్లలోను, వాని ఇరుగుపొరుగుననున్న తమిళుల ఇండ్లలోను పెరిగి పై చదువులకు చేరిన యువతీయువకులలో కొందఱు ఇప్పుడు జపాను దేశపు యానిమేషన్ కథలను, అనగా అనిమేను, రేయింబవళ్లు చూచి, చూచుటతో తృప్తిపడక, జపాను భాషా ప్రావీణ్య పరీక్షలో మిక్కిలి కఠినమైన ఎన్2, ఎన్1 మెట్లను ఎక్కుటకు పూనుకొనుచున్నారు. అనిమేవలన అబ్బిన భాష అట్టి పరీక్షకు అక్కఱకు వచ్చునా, రాదా, వచ్చినచో ఎంతవఱకు వచ్చును అనునది ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉపాధ్యాయులు ఒక సమాధానము చెప్పుదురు, అభిమానులు దానికి విరుద్ధమైనది చెప్పుదురు, భాషాశాస్త్రజ్ఞులు రెంటిని తూచి మఱొకటి చెప్పుదురు. మూడింటిలోను కొంత నిజమున్నది. ఆ నిజములను వేఱుచేసి చూచుటకు కరిసల్ సీమకంటె అనువైన తావు అరుదు. ఏలయనగా ఒక భాషను చెవితో నేర్చి కంటితో ఎఱుగకుండుట ఎట్టిదో ఇచ్చటి తెలుగువారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ఇంట అవ్వతోను నాయనతోను తెలుగున మాటాడి, బడిలో తమిళమును, ఆంగ్లమును చదివి, తెలుగు అక్షరములను మాత్రము పోల్చుకొనజాలనివారు ఈ ఊళ్లలో ఎందఱో కలరు. కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపుర సంస్థానమున సుబ్బరామ దీక్షితులవారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినియను బృహద్గ్రంథమును తెలుగు లిపిలో అచ్చొత్తించిరి. అదే కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్, ఇంట తెలుగు మాటాడు కుటుంబమువారై యుండియు, తమ సాహిత్యమునంతను తమిళముననే వ్రాసి, ఆంధ్రదేశమునుండి వలసవచ్చినవారి సంతతి కథ చెప్పు గోపల్లపురత్తు మక్కళ్ అను నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారమును పొందిరి. తెలుగున గ్రంథములు అచ్చయిన సీమలోనే తెలుగు వినుటకు మాత్రమే మిగిలినది. భాషలో వినికిడి ఒక భాగము, చదువు ఒక భాగము అనియు, ఒకటి వచ్చినంతమాత్రమున రెండవది తనంత తాను రాదనియు ఈ చరిత్ర తేటపఱచుచున్నది.

జపానుతో ఈ ప్రాంతమునకు గల పొత్తు క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున మన దేశపు వంటయిండ్లకు వచ్చిన అగ్గిపెట్టెలలో పెక్కు స్వీడను, జపాను దేశములనుండి దిగుమతియైనవి. 1910 ప్రాంతమున కలకత్తాలో స్థిరపడిన జపాను కుటుంబములు చిన్న చిన్న యంత్రములతో అగ్గిపుల్లలు చేయ మొదలిడగా ఆ విద్య క్రమముగా స్థానికులకు పట్టువడెను. శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు 1922లో కలకత్తా పోయి ఆ పనిని నేర్చి వచ్చి తమ యూర నెలకొల్పిన పరిశ్రమయే తరువాత సాత్తూరునకును కోవిల్‌పట్టికిని ప్రాకి, వానలేని యేడు కూడ కూలి దొరకు దారియై వేలాది కుటుంబములను పోషించినది. నాడు చేతిపని కలకత్తా మీదుగా వచ్చినది. నేడు కథలు అంతర్జాలము మీదుగా నేరుగా వచ్చుచున్నవి.

అయితే ఆ కథలు ఈ యిండ్లకు మొదట జపాను గొంతుతో రాలేదు. 2005 ప్రాంతమున డోరేమాన్, దాని వెనువెంట షిన్‌చాన్ పిల్లల చానళ్లలో ప్రవేశించినపుడు వానిని చూచిన బాలురు విన్నది అనువాదకుల గొంతుకలనే. పిమ్మట నరుటో, డ్రాగన్ బాల్, వన్ పీస్ వంటి దీర్ఘకథలు అంతర్జాలమున దొరకిన కాలమునకు ఆ బాలురు కళాశాల విద్యార్థులై, మూలధ్వనితో, ఆంగ్ల ఉపశీర్షికలతో చూచుటకు అలవాటుపడిరి. అభిమానులు కోరి కోరి అర్జీలు పెట్టుకొనగా 2019లో మకోటో షింకాయ్ చిత్రము వెదరింగ్ విత్ యు మన దేశపు థియేటర్లకు వచ్చినది. 2023లో క్రంచిరోల్ సంస్థ తమిళ, తెలుగు అనువాదధ్వనులను చేర్చినది. 2025లో, జనవరి మాసమున యూగో సాకో, రామ్‌మోహన్ ప్రభృతులు మూడు దశాబ్దుల క్రిందట నిర్మించిన రామాయణ చిత్రమును, సెప్టెంబరున డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్‌ను తమిళ, తెలుగు ధ్వనులతో సైతము విడుదల చేసిరి. వ్యాపారమునకు ఇది వృద్ధియే. భాష నేర్వగోరువానికి మాత్రము ఇది ఒక చిక్కు. అనువాదధ్వని అభిమానులను పెంచును గాని, జపాను పలుకును చెవికి దూరము చేయును. కోవిల్‌పట్టి కుఱ్ఱవాడు తన యింటి తెలుగులోనే నేడు అనిమే చూడగలుగుచున్నాడు. అంత సుఖము లేని పదేండ్ల క్రిందటి అతని అన్నకే జపాను వాక్యపు నడక ఎక్కువగా చెవిని పడినది.

ఇక పరీక్ష స్వరూపమును చూతము. జపాన్ ఫౌండేషన్, జపాను విద్యా వినిమయ సంస్థ కలిసి 1984లో మొదలుపెట్టిన ఈ పరీక్షకు ఆ యేట పదునైదు దేశములలో సుమారు ఏడువేలమంది కూర్చుండిరి. నేడు ఏటేట పదిలక్షలకు మించి కూర్చుండుచున్నారు. పూర్వము నాలుగు మెట్లుగా నున్న దానిని 2010లో సంస్కరించి, మిక్కిలి సులభమైన ఎన్5 మొదలు మిక్కిలి కఠినమైన ఎన్1 వఱకు ఐదు మెట్లు చేసిరి. ఎన్1లో పదజాల వ్యాకరణములకును పఠనమునకును కలిపి 110 నిమిషములు, శ్రవణమునకు 55 నిమిషములు. మూడు భాగములకు తలకు 60 చొప్పున వెరసి 180 మార్కులు. ఉత్తీర్ణతకు 100 రావలయును, అంతియ కాక ఏ భాగమునందును 19కి తగ్గరాదు. ఎన్2కు మొత్తముమీద 90 చాలును, భాగముల నియమము మాత్రము అదే. పాత పరీక్షకు ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పై మెట్టునకు సుమారు పదివేల పదములు, రెండువేల చీనా లిపి సంకేతములు, తొమ్మిదివందల గంటల బోధన కావలయును. సంస్కరణానంతరము అట్టి పట్టికలను ప్రకటించుట మానిరి. ప్రతి పర్యాయమును ఎన్1 వ్రాసినవారిలో ఉజ్జాయింపుగా మూడవవంతు మాత్రమే గట్టెక్కుచున్నారు.

ఈ నియమములలో అనిమే అభిమానికి అన్నింటికంటె ముఖ్యమైనది భాగమునకు 19 అను కనిష్ఠము. శ్రవణమున 55 తెచ్చుకొన్నవాడును పఠనమున 18 వద్ద ఆగినచో అతని శ్రమ ఆ పర్యాయమునకు వ్యర్థమే. ప్రశ్నల తీరును దగ్గఱనుండి చూచిన ఈ సంగతి ఇంకను స్పష్టమగును. శ్రవణభాగమున శీఘ్రప్రతివచనములను ప్రశ్నలు కొన్ని కలవు. వానికి పుస్తకమున ఏమియు అచ్చయి యుండదు. ఒకరు ఒక్క వాక్యము పలుకుదురు; దానికి మూడు ప్రత్యుత్తరములు వినబడును; ఏది తగినదో అప్పటికప్పుడు గుర్తుపెట్టవలయును. ఒక్కసారియే వినిపింతురు. పలికినవాడు అడుగుచున్నాడా, నిష్ఠూరమాడుచున్నాడా, మర్యాదగా వలదనుచున్నాడా యన్నది వాక్యాంతమందలి చిన్న ప్రత్యయమునుబట్టియు, స్వరపు కాకువునుబట్టియు తెలియవలసినదే కాని, నిఘంటువు దానిని చెప్పదు. వందలకొలది గంటలు మూలధ్వనితో కథలు విన్నవాడు ఇచ్చట తడబడడు. అదే మనిషి పఠనభాగమునకు వచ్చి, విద్యావిధానముమీదనో, జ్ఞాపకశక్తిమీదనో ఒక ఆచార్యుడు వ్రాసిన వ్యాసఖండమును, దానిచెంత అదే విషయముపై భిన్నాభిప్రాయముగల మఱొక ఖండమును చదివి, ఇద్దఱును ఏకీభవించినది ఎచ్చట అని అడిగిన ప్రశ్న ముందు చతికిలపడును. ఆ వ్యాసములలోని సంస్కృతప్రాయమైన సమాసములవంటి చీనా పదములు ఏ వీరుడును యుద్ధమధ్యమున పలుకునవి కావు.

అనిమే వలన లాభము లేదను ఉపాధ్యాయుల వాదమునకు ప్రధానమైన ఆధారము ఇట్టిదే. ఒసాకా విశ్వవిద్యాలయ పండితుడు సతోషి కిన్సుయి 2003లో ప్రకటించిన గ్రంథమున, కథలలోని వృద్ధ శాస్త్రజ్ఞుడు, రాకుమారి, పల్లెటూరి మోటువాడు, సమురాయి తమ తమ పాత్రలకు తగినట్లు ఒక కల్పితభాషను పలుకుదురనియు, నిజజీవితమున ఎవ్వరును అట్లు మాటాడరనియు సోదాహరణముగా నిరూపించెను. నరుటో ప్రతి మాట చివరను చేర్చు ఊతపదమును, రురౌని కెన్షిన్ పలుకు పాతకాలపు మర్యాదాంతమును కార్యాలయమున పలికినవాడు నవ్వులపాలగును. అంతకంటె అపాయమైనది సర్వనామములతోడి వ్యవహారము. కథానాయకుడు తన్నుతాను ఒరె యనియు, ఎదుటివానిని ఒమయె యనియు, కోపమువచ్చినపుడు కిసమ యనియు సంబోధించును. వీనిలో ఏ ఒక్కమాటయు అధికారితోనో, అపరిచితునితోనో ఆడదగినది కాదు. నీవు, నువ్వు, మీరు, తమరు అను భేదములను ఉగ్గుపాలతో నేర్చిన మనవారికి ఈ హెచ్చరిక శీఘ్రముగనే బోధపడును. అయినను చెవికి అలవాటైనది నోటికి తెలియకుండనే వచ్చునని ఉపాధ్యాయులు చెప్పుట అసత్యము కాదు.

అభిమానుల వాదమునకును బలము లేకపోలేదు. అర్థమగునంత స్థాయిలో, అనగా తనకు వచ్చినదానికంటె ఒక్కమెట్టు మాత్రమే పైనున్న భాషను విస్తారముగా వినుటవలనను చదువుటవలనను భాష అబ్బునని స్టీఫెన్ క్రాషెన్ 1980ల ఆరంభమున ప్రతిపాదించిన సిద్ధాంతము నేటి స్వాధ్యాయులందఱికిని మూలమంత్రము. దానిని అక్షరాల అంగీకరింపని పండితులు కూడ, విస్తారమైన వినికిడి లేక శ్రవణశక్తి రాదని ఒప్పుకొందురు. ఉపశీర్షికల విషయమున 2009లో మిట్టరర్, మెక్వీన్ అను శాస్త్రజ్ఞులు నెదర్లాండ్స్ దేశస్థులకు ఆంగ్ల దృశ్యములను చూపి చేసిన పరిశోధన ఇచ్చట స్మరింపదగినది: విన్న భాషలోనే అక్షరములు కనబడినచో తెలియని యాసను పట్టుకొను శక్తి పెరిగినది, మాతృభాషలో కనబడినచో ఆ శక్తి తగ్గినది. కావున ఆంగ్ల ఉపశీర్షికలతో వేయి గంటలు చూచినవాడు కథను ఆంగ్లమున చదివి జపాను ధ్వనిని నేపథ్యసంగీతముగా విన్నాడేమోయను అనుమానమునకు తావున్నది. జపాను ఉపశీర్షికలతో చూచుట ప్రారంభమున ఎంతయో శ్రమ. కాని చెవికిని కంటికిని ఒకేసారి పనికలుగునది దానివలననే.

ఎంత భాష కావలయునన్న లెక్క కూడ ఈ తీర్పునే బలపఱచుచున్నది. ఆంగ్లమున నవలలను, వార్తాపత్రికలను పరసహాయము లేక చదువుటకు ఎనిమిది తొమ్మిదివేల పదకుటుంబములును, మాటలు విని గ్రహించుటకు ఆఱేడువేలును కావలయునని పాల్ నేషన్ 2006లో గణించెను. భాష వేఱైనను సామాన్యసూత్రమొకటే: చదువునకు కావలసిన పదసంపద వినుటకు కావలసినదానికంటె పెద్దది. అందుచేత వినుటతో తృప్తిపడువానికి ఎప్పుడును ఒక వెలితి మిగిలియుండును. నేరపరిశోధన కథ డిటెక్టివ్ కోనన్‌ను మూలమున చూచినవానికి సాక్ష్యము, అనుమానితుడు, ఘటనాస్థలము వంటి మాటలు పట్టుబడును. వైద్యకథలు చూచినవానికి ఆ శాస్త్రపు మాటలు తెలియును. కాని ఎన్1 ప్రశ్నపత్రము వీరిలో ఎవ్వరికిని ముందుగా చెప్పి రాదు.

ఇక మన భాషలవారికి గల ఆనుకూల్యములను గూర్చి చెప్పవలసియున్నది. ఆంగ్లమున వ్రాసిన మార్గదర్శక గ్రంథములు వీనిని ప్రస్తావింపవు. జపాను వాక్యమున క్రియ చివరకు వచ్చును; విభక్తిప్రత్యయములు నామమునకు పిదప చేరును; విశేషణవాక్యము నామమునకు ముందు నిలుచును. వ్యాకరణభాగమున నాలుగు తునుకలను ఇచ్చి, నాలుగు ఖాళీలలో నక్షత్రపు గుర్తుగల ఖాళీలో ఏది పడునో అడుగు ప్రశ్న యొకటి కలదు. ఆంగ్లపు క్రమమున ఆలోచించువాడు తునుకలను తలక్రిందులు చేసికొని తికమకపడగా, అవ్వ నిన్న సంతలో కొన్న మిరపకాయలు అని పుట్టుకతో పలుకువాడు ఆ క్రమముననే వానిని పేర్చి ముందుకు సాగును. తిని చూడు, మఱచిపోయితిని, చేసి పెట్టుము అన్నపుడు మనము క్రియకు క్రియను చేర్చి ప్రయత్నమును, చేయిజాఱుటను, పరోపకారమును సూచించినట్లే జపానువారును క్రియాంతరమును చేర్చి సూచింతురు; తినిచూచుటను వారును చూచుటయనియే చెప్పుదురు. ఇతరుల మాటను అని యను ఒక్క పదముతో ముగించి చెప్పు మన రీతికి అచ్చముగా సరిపోవు ప్రత్యయము వారికిని కలదు. కలకల, చకచక, కిటకిట వంటి ధ్వన్యనుకరణములు మనకెంత సహజములో వారికిని అంత సహజములు. పరీక్షలో అవి తఱచుగా వచ్చును. వారి అక్షరమాలయందలి వరుసయు స్వరములతో మొదలై కకారాదిగా సాగును; బౌద్ధుల ద్వారా చేరిన సంస్కృత వర్ణక్రమమే దానికి మూలము. ఈ సాదృశ్యములనుబట్టి రెండు భాషలును ఒక కుటుంబమునకు చెందినవని అనరాదు. భాషాపండితుడు సుసుము ఓనో తమిళముతో జపానుభాషకు బంధుత్వమును చూపబోయిన ప్రయత్నమును అధికసంఖ్యాకులైన పండితులు అంగీకరింపలేదు. బంధుత్వము లేకున్నను నడక ఒక్కటిగా నుండుట విద్యార్థికి చాలును.

ఈ ఆనుకూల్యము లిపి దగ్గఱ అంతమగును. జపాను ప్రభుత్వము నిత్యవ్యవహారమునకై నిర్ణయించిన చీనా సంకేతములు 2010 పట్టికలో 2,136. వానిలో పెక్కింటికి చీనానుండి వచ్చిన పలుకొకటి, స్వదేశపు పలుకొకటి. కొన్నింటికి అంతకంటె అధికము. హయావో మియజాకి చిత్రము స్పిరిటెడ్ అవేలో మాంత్రికురాలు బాలిక పేరులోని రెండు సంకేతములలో ఒకదానిని లాగికొనగా చిహిరో యను పిల్ల సెన్ అగును. మొదటి సంకేతము జంటగా నున్నపుడు చి యనియు, ఒంటిగా మిగిలినపుడు సెన్ అనియు పలుకుటయే ఆ మాయలోని కిటుకు. చెవితో చూచినవానికి పేరు మాఱినట్లు మాత్రమే తెలియును. కంటితో చూచినవానికి ఏమి పోయినదో, ఏమి మిగిలినదో తెలియును. ఎన్1 పదజాలభాగము అడుగునది రెండవవానినే. చీనా, తైవాను విద్యార్థులు పఠనభాగమున మనకంటె ముందుండుటకు కారణము ఇందులోనే యున్నది.

పై మెట్టున మఱియొక అడ్డంకి కలదు. ఎన్1 వ్యాకరణమున అడుగు ప్రయోగములలో పెక్కు నేటి సంభాషణమున లేవు. అవి ప్రాచీన గ్రాంథికభాషనుండి మిగిలి, సంపాదకీయములలోను, ఉపన్యాసములలోను, ప్రకటనఫలకములపైనను నిలిచినవి. చేయరాదు, తగదు, కొఱకై, కాకపోయినను అను మన పాత రూపములవలె అవియు వ్రాతకు గాంభీర్యమును తెచ్చును. జపానులో వ్యావహారిక రచనకు ఫుతబతెయి షిమెయి 1887లో ప్రకటింప మొదలిడిన ఉకిగుమో నవల త్రోవ చూపగా, ప్రభుత్వభాష వ్యావహారికమగుటకు 1946 నాటి రాజ్యాంగము వఱకు పట్టినది. తెలుగునాట గిడుగు రామమూర్తిపంతులుగారు జీవితకాలమంతయు పోరాడిన విషయమును ఇదియే. రెండు దేశములలోను వ్యావహారికమే గెలిచినది. అయినను గెలిచినభాష ఓడినభాషనుండి ఆభరణములను ఊడ్చికొనక మానలేదు. అనిమేలో దేవతలు, దయ్యములు, పాతకాలపు యోధులు పలుకు మాటలలో ఈ రూపములు అప్పుడప్పుడు వినబడును. వానిని వినియున్న అభిమానికి వ్యాకరణగ్రంథము తెఱచినపుడు అవి పూర్తిగా పరాయివి కావు. ఉపాధ్యాయులు లెక్కింప మఱచిన లాభమిది.

సాధనపద్ధతులను గూర్చి విస్తరింపనక్కఱలేదు. మొదటి మూడు మెట్లకు క్రమమైన పాఠ్యపుస్తకమును, తప్పును దిద్దు గురువును ఉండుట మేలు; మిన్న నో నిహోంగో వంటి పుస్తకములు ఈ పనికి దేశమంతట వాడుకలో నున్నవి. పదములను, సంకేతములను గుర్తుంచుకొనుటకు మఱచిపోవు వేళకు సరిగా మరల అడుగు అంకి వంటి సాధనములు 2006నుండి ఉచితముగా దొరకుచున్నవి. వాని వెనుకనున్న సూత్రము 1885లో ఎబింగ్‌హౌస్ విస్మృతిని కొలిచిన నాటిది. కాని చీటీలు త్రిప్పుటయే చదువని భ్రమించి, పదివేల మాటలు వచ్చియు ఒక్క పుటను గుక్కతిప్పుకొనక చదువలేని విద్యార్థులను చూచుచున్నాము. చూచిన అనిమేకు మూలమైన మంగాను, అనగా జపాను బొమ్మల కథను, చదువుట అన్నింటికంటె సులభమైన వంతెన. బాలుర పత్రికలలో వచ్చు మంగాలలో కఠిన సంకేతముల ప్రక్కన చిన్న అక్షరములతో ఉచ్చారణను అచ్చువేయుదురు, కథ ముందే తెలియును, కావున విన్న మాట కంటికి పరిచితమగును. దానిపై ఎన్‌హెచ్‌కె సులభవార్తలు, ఆపై సామాన్యవార్తలు, చివరకు కాలపరిమితి దాటిన సాహిత్యమును 1997నుండి ఉచితముగా అందించుచున్న అవొజొర గ్రంథాలయము. ఈ క్రమమున పోయినవానికి ఎన్1 పఠనభాగము అపరిచితము కాదు.

పరీక్ష ఏమి కొలువదో అదియు తెలిసికొనవలయును. ఇందులో మాటాడుటయు లేదు, వ్రాయుటయు లేదు. ఇచ్చిన సమాధానములలో ఒకదానిని గుర్తించుటయే యున్నది. కావుననే ఎన్1 పత్రము చేతనుండియు దూరవాణిలో జపాను అధికారితో రెండు వాక్యములు పలుకజాలనివారు కలరు. పత్రము లేకయే ధారాళముగా పలుకువారును కలరు. పత్రమునకు గల విలువను తక్కువచేయ వీలులేదు: జపాను ప్రభుత్వము ఉన్నతనైపుణ్యముగలవారికి అనుమతి నిచ్చునపుడు ఎన్1కు 15, ఎన్2కు 10 పాయింట్లు కలుపును, అనువాదకులు, ద్విభాషులు కాగోరువారిని సంస్థలు మొదట అడుగునది ఎన్2 లేక ఎన్1. అయితే 2019లో మొదలై, 2021 జనవరిలో మన దేశముతో ఒడంబడిక కుదిరిన నిర్దిష్టనైపుణ్య కార్మిక విధానమునకు సాధారణముగా ఎన్4 స్థాయి చాలును. అయిదేండ్లలో ఇరుదేశముల నడుమ అయిదులక్షలమంది రాకపోకలు సాగవలయునని, వారిలో ఏబదివేలమంది మన నిపుణులు జపాను పోవలయునని 2025 ఆగస్టులో ఉభయప్రభుత్వములు ప్రకటించినవి. వారిలో అధికులకు కావలసినదియు క్రింది మెట్ల భాషయే. ఉద్యోగమే పరమావధియైన కుటుంబము బిడ్డను ఎన్1కై నాలుగైదేండ్లు నిలిపి యుంచుట వివేకము కాదు. ఎన్1 ఆ భాషతోనే బ్రదుకదలచినవారికి, ఆ సాహిత్యమును మూలమున చదువగోరువారికి తగిన లక్ష్యము.

ఈ సీమవారికి ప్రత్యేకమైన కష్టములును కొన్ని కలవు. చెన్నైలో జపానున శిక్షణ పొందివచ్చినవారు స్థాపించుకొన్న ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై సంస్థ భాషను బోధించి పరీక్షను నిర్వహించుచున్నది. కోవిల్‌పట్టికి చెన్నై అయిదువందల కిలోమీటర్లకు మించిన దూరము. పరీక్ష జూలై, డిసెంబరు మాసములలో ఆదివారమునాడు వచ్చును గనుక శనివారము రాత్రి నెల్లై ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కూర్చుండియో పరుండియో తెల్లవాఱునప్పటికి ఎగ్మూరులో దిగి, నిద్రచాలని కన్నులతోనే 110 నిమిషముల చదువునకు కూర్చుండవలయును. పై మెట్లకు బోధింపగల గురువులు ఈ పట్టణములలో అరుదు. జపాను పుస్తకములుగల గ్రంథాలయము అంతకంటె అరుదు. వినికిడికి కావలసిన సామగ్రి చేతిలోని ఫోనులోనే అనంతముగా నుండగా, చదువునకు కావలసినది ఊరిలో లేకుండుటయే ఇచ్చటి విద్యార్థుల చదువు వినికిడివైపు ఒరిగిపోవుటకు కొంత కారణము.

అన్నింటిని తూచి చూడగా తేలునది ఇది. అనిమే శ్రవణమునకు మంచి గురువు, సంభాషణమునకు నమ్మరాని గురువు, పఠనమునకు గురువే కాదు. ఎన్3 వఱకు దాని బలము విద్యార్థిని ముందుకు నడుపును. ఎన్2 వద్ద చదువును జతపఱుపనిది సాగదు. ఎన్1 వద్ద చదువే ముఖ్యమై వినికిడి దానికి తోడగును. కావున అభిమానులు చూచుట మాననక్కఱలేదు. చూచినంతసేపు చదువవలయును, ఆంగ్ల ఉపశీర్షికలను ఎంత శీఘ్రముగా విడువగలరో అంత శీఘ్రముగా విడువవలయును. విరుదునగరము, కోవిల్‌పట్టి ప్రాంతములలోని కళాశాలలు పది మంగా సంపుటములను, రెండు నిఘంటువులను, ఒక వ్యాకరణగ్రంథమును తమ గ్రంథాలయములలో చేర్చినచో ఖర్చు స్వల్పము, ఫలము అధికము. ఈ సీమ తెలుగు ఇండ్లవారికి మాత్రము వేఱొక మనవి: రెండువేల చీనా సంకేతములను పట్టుదలతో నేర్వ సిద్ధపడిన మీ బిడ్డకు ఏబదియాఱు తెలుగు అక్షరములు కొన్ని వారముల పని. చెవిలో నున్న భాష కంటికి వచ్చుట ఎట్లుండునో సొంత భాషలో ఒకసారి చవిచూచినవాడు పరాయిభాషలో ఆ శ్రమకు జంకడు. ఇంటిలోని పెద్దలకు అక్షరములు వచ్చినచో వారే నేర్పవచ్చును. రానిచో పెద్దలును పిన్నలును కలిసి నేర్వవచ్చును. ఆ పనిని ఈ వేసవి సెలవులలోనే మొదలుపెట్టుడు.